మొక్కజొన్న చిక్కుదారులు: కుటుంబ వ్యవసాయ చరిత్రలో ఒక అధ్యాయం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• చిక్కుదారి అనే భావన ప్రాచీన కాలం నుంచి నేటి వరకు ఎలా మారిందో వివరించగలుగుతారు.
• 1980లలో అమెరికా కుటుంబ వ్యవసాయం ఎదుర్కొన్న సంక్షోభానికి కారణాలు చెప్పగలుగుతారు.
• పంట చేలో చిక్కుదారి వేసే పద్ధతిని, దాని ఆర్థిక లెక్కను అర్థం చేసుకోగలుగుతారు.
• పాతదిగా కనిపించే ఒక ఆచారం నిజంగా ఎంత పాతదో పరీక్షించగలుగుతారు.

1. పరిచయం

అమెరికా, బ్రిటన్ దేశాల పల్లెల్లో ఏటా కొన్ని వారాలపాటు ఒక వింత వ్యాపారం సాగుతుంది. రైతు కుటుంబం తన మొక్కజొన్న చేలో కొన్ని మొక్కలు తీసేసి వంకరటింకర దారులు వేస్తుంది. పట్టణాల నుంచి వచ్చిన కుటుంబాలు టికెట్టు కొని, తలకు మించి పెరిగిన ఆ పైరులో దారి తప్పి, మళ్ళీ దారి వెతుక్కుంటూ బయటికి వస్తాయి. దీనినే 'మెయిజ్ మేజ్' లేదా 'కార్న్ మేజ్' అంటారు. ఈ పాఠంలో దీనిని మనం మొక్కజొన్న చిక్కుదారి అని పిలుద్దాం.

చూడడానికి ఇది పిల్లల ఆటలాగే ఉంటుంది. కాని చరిత్ర విద్యార్థికి ఇందులో ఒక ముఖ్యమైన ప్రశ్న ఉంది. వేల ఏళ్ళుగా ధాన్యం పండించి బతికిన రైతు, ఆ చేను చూపించి డబ్బు సంపాదించవలసిన పరిస్థితి ఎందుకు వచ్చింది? ఆ మార్పు ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా జరిగింది? దానివల్ల ఎవరు నిలబడ్డారు, ఎవరికి ఆ అవకాశం అందలేదు? ఈ ప్రశ్నలకు సమాధానాలు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

2. చిక్కుదారి: పూర్వ చరిత్ర

చిక్కుదారులు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకంలో దారి ఒక్కటే. అది ఎన్ని మలుపులు తిరిగినా చివరికి కేంద్రానికే చేరుస్తుంది. ఇందులో తప్పిపోవడం ఉండదు. రెండో రకంలో దారి చీలుతుంది. మూసుకుపోయిన దారులుంటాయి, తిరిగి మొదటికే తెచ్చే దారులుంటాయి. నడిచేవాడు ప్రతి చీలిక దగ్గర నిర్ణయం తీసుకోవాలి.

ప్రాచీన ఆధారాలలో ఎక్కువగా కనిపించేది మొదటి రకమే. గ్రీసులోని పైలోస్‌లో దొరికిన, సుమారు క్రీ.పూ. 1200 నాటి మట్టిఫలకం వెనక వైపున ఈ ఆకృతి గీసి ఉంది. క్రీటు ద్వీపంలోని నోసస్ నగరం తన నాణేలపై ఇదే ఆకృతిని ముద్రించుకుంది. ఫ్రాన్సులోని షార్ట్ర్ చర్చి నేలపై 13వ శతాబ్ది తొలినాళ్ళలో పరచిన రాతి వలయం కూడా ఒకే దారి ఉన్నదే. భక్తులు దానిపై నెమ్మదిగా నడిచేవారు.

భారతీయులకు ఈ ఆకృతి పద్మవ్యూహం, చక్రవ్యూహం పేర్లతో పరిచయమే. లోపలికి వెళ్ళడం తెలిసి బయటికి రావడం తెలియని అభిమన్యుడి కథ తెలుగువారి నిత్య సంభాషణలోకి కూడా వచ్చింది. చిక్కుల్లో ఇరుక్కున్న మనిషిని 'పద్మవ్యూహంలో అభిమన్యుడు' అంటాం. కర్ణాటకలోని హళేబీడు హొయసలేశ్వరాలయ శిల్పాల్లో ఈ వ్యూహాన్ని వలయాకారపు చిక్కుదారిగానే చెక్కారు.

దారి చీలే రెండో రకం ఐరోపా రాజుల, ప్రభువుల తోటలలో ప్రాచుర్యంలోకి వచ్చింది. లండను సమీపంలోని హాంప్టన్ కోర్టు రాజభవనంలో 17వ శతాబ్ది చివర మూడో విలియం కాలంలో నాటిన పొదల చిక్కుదారి నేటికీ ఉంది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పొదలు ఎత్తుగా పెరగడానికి ఏళ్ళు పడుతుంది, వాటిని కత్తిరించి ఆకారంలో నిలపడానికి తోటమాలులు కావాలి. అందువల్ల ఆ వినోదం సంపన్నులకే పరిమితమైంది. మొక్కజొన్న ఈ పరిమితిని తొలగించింది. విత్తిన మూడు నెలల్లోపే అది మనిషి ఎత్తు దాటుతుంది. ఏటా కొత్త ఆకారం వేసుకోవచ్చు.

3. కుటుంబ వ్యవసాయ సంక్షోభం

మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో. సుమారు 9,000 సంవత్సరాల కిందట అక్కడి ప్రజలు 'టియోసింటే' అనే అడవి గడ్డి నుంచి దీనిని సాగుపంటగా మలిచారు. కొలంబస్ యాత్రల తరవాత అది ప్రపంచమంతా వ్యాపించింది. 20వ శతాబ్దిలో అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాలకు ఇదే ప్రధాన పంట అయింది.

అదే శతాబ్దిలో ఆ పంట పండించే కుటుంబాల సంఖ్య తగ్గిపోయింది. 1935లో అమెరికాలో సుమారు 68 లక్షల వ్యవసాయ క్షేత్రాలుండేవి. 2017 నాటికి అవి సుమారు 20 లక్షలకు పడిపోయాయి. సగటు క్షేత్రం 155 ఎకరాల నుంచి 441 ఎకరాలకు పెరిగింది. ట్రాక్టర్లు, సంకర విత్తనాలు, రసాయనిక ఎరువులు వచ్చాక తక్కువ మంది ఎక్కువ భూమిని సాగు చేయగలిగారు. నిలదొక్కుకోవాలంటే పక్కవాడి భూమి కొనాలి, లేకపోతే తన భూమి పక్కవాడికి అమ్ముకోవాలి అన్న పరిస్థితి ఏర్పడింది.

1970లలో పరిస్థితి ఆశాజనకంగా కనిపించింది. 1972లో సోవియట్ యూనియన్ పెద్ద ఎత్తున ధాన్యం కొనుగోలు చేయడంతో ధరలు పెరిగాయి. కంచె నుంచి కంచె దాకా విత్తమని నాటి వ్యవసాయ మంత్రి ఎర్ల్ బట్జ్ రైతులను ప్రోత్సహించాడు. రైతులు అప్పులు చేసి భూమి, యంత్రాలు కొన్నారు. 1980లో సోవియట్ యూనియన్‌కు ధాన్యం ఎగుమతులపై అధ్యక్షుడు కార్టర్ ఆంక్ష విధించాడు. ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి కేంద్ర బ్యాంకు వడ్డీ రేట్లను విపరీతంగా పెంచింది. ధర తగ్గింది, వడ్డీ పెరిగింది, తాకట్టు పెట్టిన భూమి విలువ కూలిపోయింది. అయోవా రాష్ట్రంలో 1981లో ఎకరా సగటు విలువ 2,147 డాలర్లు కాగా, 1986 నాటికి అది 787 డాలర్లకు దిగింది. వేలాది కుటుంబాల భూములు వేలానికి వచ్చాయి. 1985 సెప్టెంబరులో ఇల్లినాయ్‌లో రైతుల సహాయార్థం జరిగిన 'ఫార్మ్ ఎయిడ్' సంగీత సభ ఈ సంక్షోభాన్ని దేశం మొత్తం దృష్టికి తెచ్చింది.

ఈ అనుభవం నుంచి మిగిలిన రైతులు ఒక పాఠం నేర్చుకున్నారు. ధాన్యం ధర తమ చేతిలో లేదు. కాబట్టి ధర తామే నిర్ణయించుకోగల సరుకు ఏదైనా కావాలి. రోడ్డు పక్క కూరగాయల దుకాణం, వినియోగదారుడే వచ్చి పండ్లు కోసుకునే తోట, గుమ్మడికాయల చేను వంటివి ఇలా విస్తరించాయి. చిక్కుదారి ఈ వరసలోనే చేరింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) ఒకే దారి ఉన్న చిక్కుదారికి, చీలే దారులున్న చిక్కుదారికి తేడా ఏమిటి?
ఆ) 1980లలో అమెరికా రైతులు అప్పుల పాలు కావడానికి రెండు కారణాలు రాయండి.

4. మొదటి మొక్కజొన్న చిక్కుదారి, 1993

ఆధునిక మొక్కజొన్న చిక్కుదారికి ఆరంభంగా చరిత్రకారులు సాధారణంగా చెప్పేది 1993లో పెన్సిల్వేనియా రాష్ట్రం ఆన్‌విల్ పట్టణంలో వేసినదాన్ని. లెబనాన్ వ్యాలీ కళాశాల పూర్వ విద్యార్థి, నాటక రంగ నిర్మాత అయిన డాన్ ఫ్రాంట్జ్ దీనికి పూనుకున్నాడు. ఇంగ్లండుకు చెందిన చిక్కుదారుల రూపకర్త ఏడ్రియన్ ఫిషర్ నమూనా గీశాడు. సుమారు 3 ఎకరాల చేలో దారులన్నీ కలిపి పైనుంచి చూస్తే ఒక డైనోసార్ ఆకారం కనిపించేది. ఆ ఏడాది వేసవిలో మిసిసిపి నదీ పరీవాహక ప్రాంతంలో భారీ వరదలు వచ్చాయి. ఈ ప్రదర్శన వరద బాధిత రైతులకు విరాళాలు సేకరించడానికి ఉపయోగపడింది.

ఇందులో గమనించవలసిన అంశం ఒకటుంది. ఈ ఆలోచన పుట్టింది రైతు ఇంట్లో కాదు. ఒక నాటక నిర్మాత, ఒక తోటల రూపకర్త కలిసి దీనిని రూపొందించారు. చేను వారికి రంగస్థలం. ఆ తరవాత కొద్ది కాలంలోనే రైతు కుటుంబాలు దానిని తమదిగా చేసుకున్నాయి. పెన్సిల్వేనియాలోనే లాంకస్టర్ జిల్లాలో చెర్రీ క్రెస్ట్ అనే కుటుంబ క్షేత్రం 1990ల మధ్యలో ఈ దారి పట్టింది. 1996లో యూటా రాష్ట్రంలోని అమెరికన్ ఫోర్క్‌లో బ్రెట్ హెర్బ్‌స్ట్ ఒక చిక్కుదారి వేసి, తరవాత ఇతర రైతులకు నమూనాలు గీసి, దారులు కోసి ఇచ్చే సంస్థను నడిపాడు. బ్రిటన్‌లో యార్క్ నగర సమీపంలోని చిక్కుదారి 2002లో మొదలైంది. కాలిఫోర్నియాలోని డిక్సన్ వద్ద ఒక గుమ్మడి క్షేత్రం 2014లో 60 ఎకరాల చిక్కుదారితో గిన్నిస్ రికార్డు సాధించింది.

అదే 1993లో జపాన్‌లోని ఇనకదాతే గ్రామం రంగురంగుల వరి రకాలతో పొలంలో బొమ్మలు వేయడం మొదలుపెట్టింది. ఈ రెంటికీ నేరుగా సంబంధం లేదు. కాని పంటతో పాటు పంట దృశ్యాన్ని కూడా సరుకుగా చూసే ఆలోచన వేరువేరు దేశాల్లో ఒకే కాలంలో కలగడం గమనార్హం.

5. చేలో దారి వేసే పద్ధతి

చిక్కుదారి కోసం విత్తే పద్ధతి మామూలు సాగుకు భిన్నంగా ఉంటుంది. అమెరికాలో మొక్కజొన్న సాళ్ళ మధ్య సాధారణంగా 30 అంగుళాల ఎడం ఉంటుంది. సాళ్ళు ఒకే దిక్కున ఉంటే సందర్శకుడు వాటి మధ్య నుంచి అవతలి దారిని చూడగలుగుతాడు. అందుకని చాలామంది రైతులు చేను నిలువుగా ఒకసారి, అడ్డంగా మరొకసారి విత్తుతారు. దానితో పైరు గోడలా దట్టమవుతుంది. అయితే మొక్కలు మరీ ఒత్తుగా ఉంటే వెలుతురు, నీరు చాలక దంటు సన్నబడి గాలికి పడిపోతుంది. దట్టంగా ఉండాలి, నిటారుగానూ నిలవాలి. ఈ రెంటికీ మధ్య సమతూకం చూడడం రైతు అనుభవానికి పరీక్ష.

విత్తే సమయం కూడా వేరు. అమెరికాలో సందర్శకులు వచ్చేది సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో. అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ పండుగతో రద్దీ ముగుస్తుంది. అప్పటిదాకా పైరు పచ్చగా ఉండాలి కాబట్టి మిగతా చేనుకంటె ఆలస్యంగా విత్తుతారు. బ్రిటన్‌లో బడి సెలవులు వేసవిలో కావడం వల్ల జులై నుంచి సెప్టెంబరు మొదటి రోజుల వరకు చిక్కుదారులు తెరుస్తారు. పంట క్యాలెండరును ఇక్కడ సందర్శకుల క్యాలెండరు నిర్ణయిస్తుంది.

మొక్క మోకాలి ఎత్తుకు రాకముందే దారులు వేస్తారు. తొలి రోజుల్లో గళ్ళ కాగితంపై నమూనా గీసి, చేలో జెండాలు పాతి, సాళ్ళు లెక్కపెట్టుకుంటూ ఏ మొక్క ఉంచాలో ఏది తీయాలో గుర్తు పెట్టేవారు. ఇప్పుడు ఉపగ్రహ సంకేతాల సాయంతో ట్రాక్టరు నమూనా ప్రకారం కదులుతుంది. లేత మొక్కను పైపైన కోస్తే సరిపోదు. ఆ దశలో మొక్కజొన్న ఎదుగుమొగ్గ నేలమట్టానికి దిగువనే ఉంటుంది. అందువల్ల అది మళ్ళీ చిగురిస్తుంది. దారిలోని మొక్కలను వేళ్ళతో సహా పెకలించడమో, మట్టిలో కలిపి దున్నడమో, కలుపు మందు కొట్టడమో చేస్తారు. తరవాత వందలాది పాదాలు తొక్కి దారి గట్టిపడుతుంది. సందర్శకుల కాలం ముగిశాక మిగిలిన పైరును గింజకో, పశువుల మేతకో కోసుకుంటారు.

6. సందర్శకుడి అనుభవం

ప్రవేశద్వారం దగ్గర సందర్శకుడికి ఒక కార్డు ఇస్తారు. చేలో అక్కడక్కడా ఉన్న స్తంభాల దగ్గర ప్రశ్నలకు జవాబు చెప్పి, ఆ కార్డుకు రంధ్రం వేసుకుంటూ ముందుకు సాగాలి. కొన్నిచోట్ల పటం ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. మధ్యలో వంతెనలు, ఎత్తయిన వేదికలు ఉంటాయి. మన జొన్నచేలలో పిట్టలను తోలడానికి వేసే మంచె లాంటి ఈ వేదికల మీద సిబ్బంది నిలబడి దారి తప్పినవారిని గమనిస్తారు. కొందరు సందర్శకులు బెదిరిపోయి అత్యవసర సహాయ నంబరు 911కు ఫోను చేసిన సంఘటనలు కూడా అమెరికా వార్తల్లోకి వచ్చాయి.

ఒక చేత్తో గోడను వదలకుండా నడిస్తే బయటపడవచ్చు అనేది ప్రసిద్ధమైన సూత్రం. గోడలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉంటేనే అది పనిచేస్తుంది. లోపల విడిగా దీవుల్లా గోడలుంటే, వాటి మధ్యనున్న గమ్యాన్ని ఈ పద్ధతిలో చేరలేం. రూపకర్తలు ఈ సంగతి తెలిసే నమూనా గీస్తారు.

7. ఆర్థిక లెక్క, దాని పరిమితులు

2017లో అమెరికాలో మొక్కజొన్న సగటు దిగుబడి ఎకరాకు సుమారు 176 బుషెళ్ళు. ఒక బుషెల్ అంటే 25.4 కిలోలు. ఆ పంటకు రైతుకు అందిన సగటు ధర బుషెల్‌కు సుమారు 3.36 డాలర్లు. అంటే 10 ఎకరాల నుంచి వచ్చేది ఖర్చులు పోకముందు దాదాపు 5,900 డాలర్లు. టికెట్టు ధర 10 డాలర్లు అనుకుంటే 590 మంది సందర్శకులు వచ్చినా అంత మొత్తం వస్తుంది. చిక్కుదారి వైపు రైతు ఎందుకు మొగ్గాడో ఈ చిన్న లెక్క చెబుతుంది.

కాని లెక్కకు రెండో వైపు కూడా ఉంది. నమూనాకు, సిబ్బందికి, వాహనాలు నిలిపే స్థలానికి, మరుగుదొడ్లకు, బీమాకు ఖర్చవుతుంది. ఆదాయం కొద్ది వారాంతాలకే పరిమితం. ఆ శనివారాల్లో వాన పడితే ఏడాది ఆదాయం పోతుంది. సందర్శకుడు కాలు జారి పడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కూడా వచ్చింది. అందుకే కాన్సస్ 2004లో, వర్జీనియా 2006లో వ్యవసాయ పర్యాటకం నడిపే రైతుల బాధ్యతను నిర్వచిస్తూ చట్టాలు చేశాయి. రైతు కుటుంబ శ్రమ స్వభావం కూడా మారింది. విత్తడం, కోయడం తెలిసిన ఇల్లు ఇప్పుడు టికెట్లు అమ్మాలి, వంటలు చేయాలి, ప్రకటనలు రాయాలి, అపరిచితులను నవ్వుతూ ఆహ్వానించాలి.

అమెరికా వ్యవసాయ గణాంకాల ప్రకారం వ్యవసాయ పర్యాటక ఆదాయం 2012లో 70.4 కోట్ల డాలర్లు కాగా, 2017లో సుమారు 95 కోట్ల డాలర్లకు పెరిగింది. అదే కాలంలో ఈ ఆదాయం పొందే క్షేత్రాలు 33,161 నుంచి 28,575కు తగ్గాయి. ఆదాయం పెరిగింది, పంచుకునేవారు తగ్గారు. 20 లక్షల క్షేత్రాలలో ఇవి నూటికి రెండు వంతులు కూడా కావు. నగరానికి గంట ప్రయాణంలో ఉన్న క్షేత్రానికి సందర్శకులు వస్తారు. జనసంచారం తక్కువగా ఉన్న మైదానాల మధ్య రైతుకు ఆ అవకాశం లేదు. కాబట్టి చిక్కుదారి కొన్ని కుటుంబాలను నిలబెట్టింది గాని, వ్యవసాయ సంక్షోభానికి పరిష్కారం కాలేదు.

8. ఇది సంప్రదాయమేనా?

గడ్డి మోపులు, గుమ్మడికాయలు, పాత ట్రాక్టరు, వాటి పక్కన మొక్కజొన్న చిక్కుదారి. ఈ దృశ్యం చూసిన అమెరికా పిల్లలు ఇది తాతల కాలం నాటి పంట వేడుక అనుకుంటారు. నిజానికి దీని వయసు వారి తల్లిదండ్రుల వయసుకంటె తక్కువ కావచ్చు. ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్ 1983లో వెలువరించిన సంపుటంలో ఇలాంటి వాటిని చర్చించారు. అనాదిగా ఉన్నట్టు కనిపించే అనేక ఆచారాలు ఇటీవలి కాలంలో, ఒక అవసరం కోసం రూపొందినవేనని వారు చూపించారు. చాలా కుటుంబాలకు పల్లెతో సంబంధం తెగిన తరవాతే పల్లెను చూడడానికి టికెట్టు కొనే అవసరం పుట్టింది. చిక్కుదారి ఆ అవసరాన్ని తీర్చింది.

అయితే కొత్తది గనుక బూటకం అని తీర్మానించడం తొందరపాటు. దానితో ఒక కుటుంబం తన భూమిని నిలుపుకున్నదంటే ఆ ఫలితం వాస్తవమే. కొత్తదనాన్ని గుర్తించడంతో పాటు దాని వెనకనున్న కారణాలను వివరించడం చరిత్రకారుడి పని.

9. మన ప్రాంతానికి అన్వయం

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ మొక్కజొన్న ముఖ్యమైన పంట. కోళ్ళ దాణాకు, పిండిపదార్థాల పరిశ్రమకు ఎక్కువ భాగం వెళుతుంది. ఇక్కడి రైతు కూడా ధర విషయంలో మార్కెట్టు మీదే ఆధారపడి ఉన్నాడు. పొరుగున మహారాష్ట్ర 2020లో వ్యవసాయ పర్యాటకానికి ప్రత్యేక విధానం ప్రకటించింది. మరి చిక్కుదారి ఇక్కడ సాధ్యమా?

2015–16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో సగటు కమతం 1.00 హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు. అంటే సుమారు రెండున్నర ఎకరాలు. ఆన్‌విల్‌లో వేసిన మొదటి చిక్కుదారి సుమారు 3 ఎకరాలే. కాబట్టి భూమి చాలకపోవడం ఒక్కటే అడ్డంకి కాదు. 441 ఎకరాల రైతు 10 ఎకరాలతో ప్రయోగం చేసి నష్టపోయినా తట్టుకుంటాడు. రెండున్నర ఎకరాల రైతుకు ప్రయోగం చేసే చేను, తిండి పెట్టే చేను రెండూ ఒకటే. ఇక కౌలు రైతుకు చేలోకి జనాన్ని రానివ్వాలా వద్దా అని నిర్ణయించే హక్కు కూడా స్పష్టంగా లేదు. ఒక దేశంలో విజయవంతమైన పద్ధతిని మరో దేశానికి తెచ్చేటప్పుడు పంటతో పాటు భూసంబంధాలను, నష్టభయాన్ని ఎవరు మోస్తారన్న విషయాన్ని కూడా చూడాలి.

10. సారాంశం

చిక్కుదారి ప్రాచీన కాలంలో ప్రతీకగా, ఐరోపా తోటలలో సంపన్నుల వినోదంగా, 1993 తరవాత పంట చేలలో ప్రజల వినోదంగా మారింది. త్వరగా ఎదిగే మొక్కజొన్న ఈ మార్పును సాధ్యం చేసింది. ధాన్యం ధర చేతిలో లేని రైతు కుటుంబాలకు అది అవసరమైంది. పంట సమయం, విత్తే పద్ధతి, కుటుంబ శ్రమ అన్నీ సందర్శకుడికి అనుగుణంగా మారాయి. నగరాలకు చేరువలో ఉన్న కొన్ని క్షేత్రాలకు ఇది ఆదాయం తెచ్చింది. అధిక సంఖ్యాకులకు అందుబాటులోకి రాలేదు. పాత వేడుకలా కనిపించే ఈ ఆచారం, నిజానికి 20వ శతాబ్ది చివరి వ్యవసాయ సంక్షోభం మిగిల్చిన చరిత్ర.

11. మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది వాటికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మొక్కజొన్న చిక్కుదారుల ఆవిర్భావానికి దారితీసిన ఆర్థిక పరిస్థితులను చర్చించండి.
2. వ్యవసాయ పర్యాటకం కుటుంబ వ్యవసాయాన్ని కాపాడగలదా? గణాంకాల ఆధారంగా విమర్శించండి.

II. కింది వాటికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చేలో చిక్కుదారి వేసే పద్ధతిని వివరించండి.
2. మీ ప్రాంతంలో పాతదిగా భావించే ఒక వేడుకను ఎంచుకుని, అది ఎప్పుడు, ఎందుకు మొదలైందో పెద్దలను అడిగి తెలుసుకుని రాయండి.